పంతొమ్మిదో పేజీ

పోస్టు పడవ రేవుకు చేరింది. ముందు కూర్చున్న ఆవిడ తాడు విసిరింది.

సామల్ పట్టుకోలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

తాడు నీళ్లలో పడింది.

మా ఫారో దీవుల్లో బద్ధశత్రువు విసిరినా తాడు పట్టి కట్టాల్సిందే. పక్కింటివాడితో పదకొండేళ్లు మాట్లాడకుండా, ఆ పదకొండేళ్లూ వాడి పడవ కట్టిపెట్టినవాళ్లు ఉన్నారు.

రేవంతా కళ్లప్పగించి చూసింది.

చివరికి పడవవాడే దూకి కట్టుకున్నాడు.

ఆవిడ పేరు బిర్గిత్. కోపెన్‌హాగెన్‌లో పంతులమ్మ. ఏ ఊరి మనుషులు ఎలా బతుకుతారో, ఏం నమ్ముతారో కొత్త విద్యార్థులకు చెబుతుంది. దాన్ని మానవశాస్త్రం అంటారట. ఆ చదువు కోసమే సామల్ వాళ్ల నాన్న హానుస్ ఇంట్లో రెండేళ్లు ఉంది. గొర్రెల ఉన్ని తీసింది. గాలికి ఆరబెట్టిన మాంసం ముక్కు మూసుకోకుండా తింది.

హానుస్ మామూలు జాలరి కాదు. ఆయన పట్టిన హాలిబట్ చేప ఒకటి గుమ్మంలో పట్టక, గోడ విప్పి లోపలికి తెచ్చారు. ఆ గోడ మళ్లీ కట్టిన మేస్త్రి ఇంకా బతికే ఉన్నాడు, కావాలంటే అడగండి.

ఆ చేపలుండే చోటు హానుస్ ఒక్కడికే తెలుసు. సముద్రం మీంచి చూస్తే ఒడ్డున ఏ గుర్తు ఏ గుర్తుతో కలిసినప్పుడు గాలం వేయాలి అన్నదే మా దగ్గర ఆస్తి. దాన్ని కాగితం మీద పెట్టరు. తండ్రి ముసలై తెడ్డు దించేసిన రోజున కొడుకు చెవిలో చెబుతాడు.

సామల్ గ్రీన్‌లాండ్ వైపు చేపల ఓడలో ఉండగా హానుస్ కన్నుమూశాడు.

అతను తిరిగొచ్చిన నెలకు టపాలో పుస్తకం వచ్చింది. బిర్గిత్ రాసింది. మొదటి ఏడాది విద్యార్థులకు పాఠాలు.

పంతొమ్మిదో పేజీలో ఒక బొమ్మ. చర్చి గోపురం కొండ చీలికలోకి రావాలి, దక్షిణపు కొండకొమ్ము కింద జలపాతం కనపడాలి. కింద అచ్చక్షరాల్లో 'హానుస్ చేపల చోటు'.

కన్నకొడుక్కి చెప్పనిది పరాయిదానికి చెప్పాడు. ఆ పరాయిది లోకమంతా చాటింది.

ఇప్పుడు ఆవిడే ఎదురుగా నిలబడింది.

"ఎందుకొచ్చావు, పంతులమ్మా?"

"నీతో ఒక మాట చెప్పాలి. ఇంటికి పోదాం పద."

"ఇక్కడే చెప్పు."

బిర్గిత్ రేవు మీదున్న వాళ్లని చూసింది. ఇరవైమంది. అందరూ జాలర్లే. అందరి చెవులూ ఇటే.

"ఇక్కడ చెప్పలేను, సామల్."

"అచ్చేయగలిగావు గానీ చెప్పలేవా?"

"పేజీ నంబరు చెప్పమ్మా, మేమే చదువుకుంటాం!" అన్నాడు ముసలి యాకుప్. రేవంతా ఘొల్లుమంది.

"ఒక్క నిమిషం, పక్కకి..."

"మా నాన్న పెట్టింది తిని, ఆయన గుట్టే అమ్ముకున్నావు. ఎక్కు పడవ."

ఆవిడ నోరు తెరిచింది. యాకుప్ వైపు చూసి మూసుకుంది. పడవెక్కింది.

తర్వాత రెండు ఉత్తరాలు రాసింది. సామల్ విప్పకుండానే వెనక్కి పంపాడు.

వేసవిలో పక్క దీవుల పడవలు పుస్తకం పట్టుకుని దిగాయి. గోపురం చీలికలోకి వచ్చింది. జలపాతమూ కనపడింది. చేప మాత్రం రాలేదు. గాలాలు రాళ్లకు చిక్కి తెగాయి.

వాళ్లు పోయాక సామల్ కూడా వెళ్లాడు. వారం రోజులు తిరిగితే ఒక బూటు దొరికింది. అదీ ఎడంకాలిది.

"మీ నాన్న కోతలరాయుడురా!" అన్నాడు యాకుప్.

సామల్ ఆ బూటు నీళ్లలోకి విసిరేశాడు.

మరుసటేడు అయిదుగురు విద్యార్థులు వచ్చారు. పంతులమ్మ రాలేదు. చలికాలంలో జబ్బుచేసి పోయిందట.

రేవులో గాలాలు సరిచేసుకుంటున్న సామల్ పక్కన ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది.

"మా మేడమ్ పుస్తకం చదివారా అండీ?"

"పంతొమ్మిదో పేజీ చదివాను."

అమ్మాయి నవ్వింది. "మాకు మొదటి పాఠం అదే. పుస్తకం తెరిచి, 'ఈ పేజీ అబద్ధం, నేనే అల్లాను' అన్నారు."

సామల్ చెయ్యి ఆగింది.

"అబద్ధమా?"

"అవునండీ. ఒక మనిషి నమ్మి దాచమన్నది రాయకూడదట. ఆశపడేవాళ్లు అటు పోయి వెతుక్కుంటే అసలు చోటు జోలికి రారని అలా గీశారట. ఈ పాఠం వంటబట్టాకే ఎవరి గుమ్మమైనా తొక్కండి అనేవారు."

"మరి... అసలు చోటు మీలో ఎవరికైనా చెప్పిందా?"

"ఎవ్వరికీ చెప్పలేదండీ. మంచంలో ఉండి కూడా చెప్పలేదు. కాగితం మీదా పెట్టలేదు."

"ఎందుకని?"

"హానుస్ తాత పోయేముందు, 'నా కొడుకు సముద్రం మీద ఉన్నాడు, వాడొచ్చాక నా మాటగా వాడొక్కడికే చెప్పు' అని అప్పగించాడట, అందుకే మేడమ్ పోయినేడు ఇంత దూరం వచ్చి వెళ్లారు... ఆ కొడుకు మీకు తెలుసా అండీ?"