ఫ్యాన్ బాగుచేసిన రోజు

“మళ్లీ ఒళ్లో పెట్టుకున్నావా? మొన్ననేగా కాలు ఎర్రగా కందిపోయింది!”

భర్త ఆమె ఒళ్లోంచి ల్యాప్‌టాప్ లాక్కున్నాడు. అది పెనంలా కాలుతోంది.

పసిగుడ్డు పోయి నెల దాటింది. ఈమధ్యే ఆమె ఇంట్లోంచి ఆఫీసు పని మొదలుపెట్టింది. పనిలో పడితే కాస్త మరిచిపోతుందని అతను లోలోపల సంతోషించాడు. కనీసం ఈ వేడి బాధైనా తప్పిద్దామని అక్కడే కూర్చుని దాని స్క్రూలు విప్పాడు. లోపలి చిన్న ఫ్యాన్‌కి పట్టిన దుమ్మంతా బ్రష్‌తో దులిపి, మళ్లీ బిగించి, ఆన్ చేసి చాలాసేపు చూశాడు.

“ఇదిగో, ఇంక దీని మీద నీళ్లు కాచుకోవడం కుదరదు!” అంటూ నవ్వుతూ అందించాడు.

ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులూ కిందికి పోనిచ్చి పట్టుకుంది. మొహం వాడిపోయింది.

“ఏమైంది? బాగా లేదా?”

“చల్లగా అయిపోయింది.”

“మంచిదేగా మరి?”

“పాప నిద్రపోతే ఒడి వెచ్చగా ఉండేదండీ. బరువు కూడా ఇంచుమించు ఇంతే” అంది తల ఎత్తకుండా. “ఆ రోజు పొద్దున ఎత్తుకుంటే... ఇలాగే చల్లగా తగిలింది.”

ఇన్నాళ్లూ ఆమె చేసింది ఆఫీసు పని కాదు.

ల్యాప్‌టాప్ మెల్లగా తీసి పక్కన పెట్టి, ఆమె ఒళ్లో తల వాల్చాడు. పాప పోయాక అతను ఏడవడం అదే మొదటిసారి.

ఆమె చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత అతని తల మీదికి దిగింది.