జాయింటు లేని కర్ర

“ఒకే ముక్కది చూపించండి. జాయింటు ఉన్నవి వద్దు,” అన్నాడు వడ్రంగి, కొట్లో కాలు పెడుతూనే.

వెనకాలే వచ్చిన కూతురు ఉసూరుమంది. దారి పొడుగునా ఇదే వాదన.

పద్నాలుగేళ్ల పిల్ల. స్నూకర్ క్లబ్బు తలుపులు బాగుచెయ్యడానికి తండ్రి వెళ్లినప్పుడు తోడు వెళ్లి, ఆ ఆకుపచ్చ బల్లకు అతుక్కుపోయింది. వంకరపోయిన అరువు కర్రలతోనే తనకంటే పెద్దవాళ్లను ఓడించేస్తోంది. ఇక సొంత కర్ర లేకపోతే లాభం లేదని కోచ్ తేల్చేశాడు. ఆ కర్రను క్యూ అంటారు. నాకో క్యూ కావాలి నాన్నా అని పిల్ల మొదటిసారి అడిగినప్పుడు, టిక్కెట్ల కిటికీ దగ్గర బోలెడంత ఉంటుంది, పోయి నిలబడు అన్నాడు వడ్రంగి. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు.

ఇవాళ నవ్వుల్లేవు.

కొట్టాయన ఒకప్పుడు మంచి ఆటగాడు. గోడకు నిలబెట్టిన కర్రల్లోంచి రెండు తీసి బల్ల మీద దొర్లించాడు. రెండూ వణక్కుండా దొర్లాయి. ఒకటి మొదలు నుంచి కొస దాకా ఒకే చెక్క. రెండోదానికి మధ్యలో మర ఉంది. తిప్పితే రెండు ముక్కలై, భుజాన వేసుకునే పెట్టెలో ఒదిగిపోతుంది. పిల్లచేత చెప్పులు విప్పించి, నిటారుగా నిలబెట్టి కొలిచాడు. రెండూ సరిగ్గా భుజం కిందికే వచ్చాయి.

పిల్ల రెండోదాన్ని అందుకుంది. బల్ల మీదికి వంగి, గడ్డం కర్రకు ఆనించి, లేని బంతిని ఒక్కసారి కొట్టింది. ముఖం వెలిగిపోయింది. వడ్రంగి చూసీ చూడనట్టు ఒంటిముక్క కర్రను నిమురుతూ కూర్చున్నాడు.

మధ్యలో మర ఉంటే దెబ్బ చేతికి తెలియదన్నాడు. చెమ్మకు వదులైపోతుందన్నాడు. పాతకాలపు గొప్ప ఆటగాళ్లంతా ఒంటిముక్కతోనే ఆడారన్నాడు. స్నూకర్‌లో ఏ బంతి రంగు ఏమిటో తప్ప ఇంకేమీ తెలియని మనిషి ఇన్ని కబుర్లు చెబుతుంటే కూతురికి ఒళ్లు మండింది.

“జాయింటు సరిగ్గా పెడితే అసలు చెక్క కంటే గట్టిగా ఉంటుందని చెప్పేది నువ్వే కదా నాన్నా,” అంది.

వడ్రంగి గతుక్కుమన్నాడు. నిజమే. జీవితమంతా తలుపులకీ కిటికీలకీ కుర్చీలకీ జాయింట్లు వేసి బతికినవాడు. తన చేతి జాయింటు ఊడితే పేరు మార్చుకుంటానని పదిమందిలో సవాలు చేసేవాడు.

“అది వేరు, ఇది వేరు,” అన్నాడు.

కొట్టాయనకు నవ్వొచ్చింది. వడ్రంగి అయ్యుండి జాయింటును తిట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు. అంత పొడుగు కర్ర బస్సులో పట్టదనీ, దాన్ని మోసుకుని పిల్ల ఎక్కడికీ వెళ్లలేదనీ నచ్చజెప్పాడు. అంత తొందరేముంది, ఆదివారం రండి, కొత్త సరుకు వస్తుంది అని కూడా అన్నాడు.

“ఆదివారానికి కుదరదండీ. ఇవాళే కావాలి,” అన్నాడు వడ్రంగి. “అయినా దాన్ని మోసుకెళ్లడం ఎందుకు? దీని గదిలో గోడకి స్టాండు చేసి పెట్టాను, మంచి టేకుతో. ఆడాలనిపించినప్పుడల్లా ఇంటికొచ్చి తీసుకుంటుంది.”

పిల్ల జేబులో ఫోను మోగింది. చూసి కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. ఒంటిముక్క కర్రను వదలకుండా పట్టుకున్న తండ్రి చేతుల వైపు కాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత తన చేతిలోదాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

“సరే నాన్నా. నీకు నచ్చిందే తీసుకుందాం.”

చిన్నప్పుడు చేదు మందు తాగాల్సి వచ్చినా ఈ గొంతుతోనే అనేది, సరే నాన్నా అని. వడ్రంగి పంతం నెగ్గింది. నెగ్గినవాడి గుండె కలుక్కుమంది. కొట్లో ఏడిస్తే బాగుండదని దగ్గాడు.

లేచి రెండో కర్రను తీసుకున్నాడు. మర తిప్పి విడదీశాడు. మళ్లీ కలిపాడు. కళ్లు మూసుకుని బొటనవేలితో జాయింటు కోసం తడిమాడు. ఎక్కడుందో దొరకలేదు. ఇంత నున్నగా తను కూడా చెయ్యలేడనిపించింది.

“ఇదే ఇచ్చెయ్యండి,” అన్నాడు.

పిల్ల బిత్తరపోయింది. వద్దు నాన్నా, అదే తీసుకుందాం అని అతని చెయ్యి పట్టుకుంది. అతను వినిపించుకోలేదు. కర్రను తనే విడదీసి, ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, పట్టీని ఆమె భుజానికి తగిలించాడు. పట్టీ పొడవు సరిచేశాడు. సరిగ్గానే ఉన్నా మళ్లీ సరిచేశాడు.

“దారిలో ఎవరి చేతికీ ఇవ్వకు తల్లీ. నీ పక్కనే పెట్టుకో,” అన్నాడు.

ఆ పొద్దున కోర్టులో, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని జడ్జిగారు అడిగినప్పుడు, ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూడకుండా, అమ్మతో ఆ దూరపు ఊరికి వెళ్లిపోతానని చెప్పింది.