ఢిల్లీ చేరేదాకా

ప్లాటినం గిన్నెలు కాజేశారని పోలీసులు ఎందరిని అనుమానించినా, గంగాధరరావును మాత్రం అనుమానించలేరు. అందుకు రైల్వే టైంటేబులే సాక్ష్యం.

భర్త వేసిన ఆ లెక్క రత్నకుమారికి కంఠతా వచ్చు. సికింద్రాబాదు నుంచి ఢిల్లీకి రైలు దారి పదహారు వందల కిలోమీటర్ల పైచిలుకు, ముప్పైఆరు గంటలు. ఆకాశ మార్గాన పన్నెండు వందల యాభై, రెండున్నర గంటలు. ఈ రెంటికీ మధ్య మిగిలే కాలంలోనే నాచారంలో వాళ్లు కొనబోయే ఇంటిస్థలం ఉంది.

గంగాధరరావు ఉప్పల్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాడు. ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్తున్న అతన్ని శనివారం సాయంత్రం ఆరు గంటలకు తోటి ఉద్యోగులే రైలెక్కించారు. అతను కాజీపేటలో దిగి వెనక్కి వస్తాడు. ఆదివారం పొద్దున వాచ్‌మన్ టీకి వెళ్లే వేళ చూసి, ప్రయోగశాల బీరువాలోంచి గిన్నెలు తీస్తాడు. పన్నెండింటికి బేగంపేటలో మారుపేరుతో విమానమెక్కుతాడు. సోమవారం ఉదయం ఆరింటికి ఢిల్లీ ప్లాట్‌ఫారం మీద, తన కోసం వచ్చిన మనిషికి రైలు దిగినవాడిలా కనిపిస్తే చాలు.

"దొరికితే ఉద్యోగం ఒక్కటే కాదు, జైలు," అన్నాడు వెళ్లేముందు. "నువ్వు కొత్తగా ఏమీ చెయ్యకు. నేను ఊరెళ్లినప్పుడల్లా ఎలా ఉంటావో అలాగే ఉండు."

"అలాగేనండీ," అంది రత్నకుమారి. అలాగే ఉంది.

ఆదివారం పొద్దున పనిమనిషి సక్కుబాయి వస్తే అంట్లు మాత్రం తోమించుకుని పంపేసింది. మధ్యాహ్నం దాకా గుమ్మంలోని దుమ్ము వంక చూస్తూ కూర్చుంది. దుమ్మంటే ఆమెకు తలనొప్పి. రెండున్నర అయ్యాక ఇంకో పది నిమిషాలు ఆగింది. విమానం నేలమీద ఆగాలి కదా. ఆ తరువాత కొంగు బిగించి ఇంటిపనిలో పడింది.

అయిదింటికి హెడ్ కానిస్టేబుల్ హనుమాండ్లు వచ్చాడు. ప్రయోగశాలలో దొంగతనం జరిగిందనీ, బీరువా తాళాలుండే నలుగురి ఇళ్లకూ వెళ్తున్నాననీ చెప్పాడు. నేల అద్దంలా ఉండడంతో బూట్లు గడప అవతలే విప్పి వచ్చాడు. రత్నకుమారి తడి జుట్టుకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకుని, కుర్చీ చూపించి, కాఫీ ఇచ్చింది. అడిగినవాటికి తడబడకుండా జవాబు చెప్పింది.

"ఈపాటికి ఇటార్సీ దాటి ఉంటారండీ. రేపు పొద్దున ఆరింటికి గానీ ఢిల్లీ చేరరు."

హనుమాండ్లు ఆ ముక్క రాసుకుని పుస్తకం మూశాడు. "సారు మీద అనుమానం లేదమ్మా. రైలెక్కించినోళ్లు ముగ్గురు చెప్పిన్రు."

రత్నకుమారి గుమ్మం దాకా వచ్చింది. హనుమాండ్లు మెట్టుమీద కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది చేతిలోనే ఉంది. వాకిట్లో తడి ఆరని ముగ్గు వైపు చూశాడు. తరువాత ఇంట్లోకి చూశాడు.

"ఒక్కటే సమజ్ గాలేదమ్మా," అన్నాడు మెల్లగా. "నేను భువనగిరికి బందోబస్తు పోయినా, చేరిన్నని ఎరికయ్యేదాక మా ఇంటామె చీపురు ముట్టది. మీరేమో ఇల్లంత ఊడ్చి, తలకు గూడ పోసుకున్నరు. సారు ఢిల్లీకి ఎన్నింటికి చేరిండమ్మా?"