కంటి ఎత్తు

"ఏదయ్యా నీ ఎర్ర రిబ్బను? చలికాలంలో దారి పొడుగునా గుర్తుగా కట్టుకుంటూ వచ్చానన్నావుగా!" ఎండకు కారుతున్న చెమట తుడుచుకుంటూ కసిరింది కినుయే.

"సరిగ్గా కంటి ఎత్తులోనే కట్టానే!" ఆమె పుట్టింటికి వెళ్ళే కొండదారిలో భర్త షోజో కొమ్మకొమ్మా వెతుకుతున్నాడు.

"అన్నీ కోతలే! నేను అలిగి పుట్టింట్లో కూర్చుంటే, తీరిగ్గా బస్సులో వచ్చి కొండ దాటొచ్చానన్నావు. అందుకే ఆ రోజు మా వేడినీటి ఊటలో స్నానానిక్కూడా దిగనివ్వలేదు."

విసుగొచ్చి నేలమీద వెల్లకిలా వాలింది. పైన, రెండు నిలువుల ఎత్తులో, దేవదారు కొమ్మకు వెలిసిపోయిన రిబ్బను ఊగుతోంది.

"అంతెత్తున ఎలా కట్టావు?"

షోజో తలెత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. "మంచు మీద నిలబడి."

కినుయే గబుక్కున లేచి కూర్చుంది. "అంత మంచులో నడిచొచ్చానని చెప్పి చావొచ్చుగా!"

"చెప్పనిచ్చావా?"

ఆమె మూతి ముడుచుకుని ముందుకు నడిచింది.

"పద. ఇవాళ ఊటలోకి ముందు నువ్వే దిగు."