గడియ వేసిన తలుపు

"అమ్మోరొచ్చినా సరే, నాను తలుపు తీయను!" సన్యాసమ్మ చేతిలో చీపురు మూలకి విసిరికొట్టింది.

"తప్పు పిన్నీ, లెంపలేసుకో," అంది పక్కింటి హేమశ్రీ.

"నానెందుకేసుకుంటాను? ఆ తల్లినే ఏసుకోమను. పరవాడ మందుల కంపెనీలో రియాక్టర్ పేలి నా కూతురు, నా శ్రీసత్య కాలిపోనాది. ఆ గుంట ఎవులికేటి ద్రోహం సేసిందని?"

"అది మనుషులు సేసిన తప్పు పిన్నీ. అమ్మేటి సేస్తాది?"

"ఆపలేకపోతే అమ్మెందుకు? ఆపగలిగీ ఊరుకుంటే మొక్కెందుకు?"

హేమశ్రీ ఇంకేదో చెప్పబోయి, మింగేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కంచరపాలెంలో అమ్మవారి ఘటం ఇంటింటికీ తిరుగుతోంది. ప్రతి గడప ముందూ డప్పులు ఆగుతాయి, ఇంటావిడ వచ్చి ఘటం ఎత్తుకున్నామె కాళ్ళకి పసుపునీళ్ళు పోస్తుంది. సన్యాసమ్మ గడియ వేసి, తలుపు వెనకే పీట వేసుకు కూర్చుంది. అమ్మవారితో తెగతెంపులు చేసుకున్న మనిషి అలా కాపలా కూర్చోవడమేమిటో!

కూతురు పోయాక ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి లేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు రాత అన్నారు, కర్మ అన్నారు, బస్సు టైమయిందని లేచిపోయారు.

డప్పులు హేమశ్రీ ఇంటి ముందు ఆగాయి. తర్వాత తనదే. ఒక్కసారి తలుపు కొడితే చాలు, తీసేస్తుంది. నిలదీస్తుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది, ఆనక ఆ కాళ్ళ మీదే పడి ఏడుస్తుంది. మనసారా ఏడవడానికి ఆమెకింకెవరున్నారు? తెలియకుండానే లేచి చెంబునీళ్ళలో పసుపు కలిపింది.

అంతలో ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. ఆ రొదలో ఇంకేమీ వినిపించలేదు. బండి వెళ్ళాక చెవి రిక్కిస్తే, డప్పులు అవతలి ఇంటి దగ్గర మోగుతున్నాయి.

గడియ లాగి, చెంబుతో వీధిలోకి పరుగెత్తింది.

"ఒరే ఎల్లాజీ! నా గడప దాటేసినారేట్రా? తలుపు తీసీదాన్ని కదరా!"

ఎల్లాజీ డప్పు ఆపి తల దించుకున్నాడు.

"మరిసిపోనావేటప్పా? సావు జరిగిన గడపకి ఏడాది దాకా అమ్మ రాదు."