నిద్రపోయిన సిమెంటు

ఏడో రోజు పొద్దున మొదటి దిమ్మను యంత్రంలో పెట్టి నొక్కితే అది కాంక్రీటులా పగల్లేదు. నానిన బిస్కట్టులా చితికింది. రెండోదీ అంతే. మూడోదాన్ని నొక్కే ముందు ల్యాబు ఉద్యోగి దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు. నిమిరితే గట్టిపడటానికి అదేమైనా పసిపిల్ల మనసా? అదీ చితికింది.

అవి బడికి కొత్తగా కట్టే గది స్లాబు తాలూకు పరీక్ష దిమ్మలు. స్లాబు వేసిన రోజే కాంక్రీటును ఇనుప అచ్చుల్లో పోసి, నీళ్లలో నానబెట్టి, ఏడో రోజున నొక్కి చూస్తారు. దిమ్మ ఎలా ఉంటే స్లాబూ అలా ఉన్నట్టే లెక్క.

ఆ స్లాబు వేసింది ల్యాబు ఉద్యోగికి సొంత బావ. అందరూ ఆయన్ని మట్టం మేస్త్రి అంటారు. గ్లాసులో టీ చూసి బల్ల వేలెడు వాలిందని చెప్పేస్తాడు. ఫొటో తీయించుకోవడానికి వెళ్లి, ముందు కెమెరాను సరిగ్గా నిలబెట్టి, ఆ తర్వాతే కూర్చున్నాడట. ముప్పై ఏళ్లలో ఆయన దిమ్మ ఒక్కటీ తప్పలేదు. అచ్చుల దగ్గరికి ఇంకెవర్నీ రానిచ్చేవాడు కాదు.

బావమరిది చితికిన దిమ్మల పిండిని పరీక్ష చేశాడు. ఇనుప రేకులకు పూత పూసే జింకు బయటపడింది.

సాయంత్రం బడి పని చూసే ఇంజనీరమ్మ ఇద్దర్నీ పిలిపించింది. పక్కనున్న రేకుల ఫ్యాక్టరీవాడు తెల్లపొడి ఇచ్చి, కలిపితే రాయిలా అవుతుందన్నాడని, నమ్మి కలిపానని మేస్త్రి తలదించుకుని ఒప్పుకున్నాడు.

బావమరిది సర్దబోయాడు. సిమెంటు నీళ్లు తాగే గట్టిపడుతుందని, జింకు ఒక్కో రేణువుకూ దుప్పటి కప్పి ఆ నీళ్లు అందనివ్వదని చెప్పాడు. అంటే చంపదు, నిద్రపుచ్చుతుందంతే. మెలకువ వచ్చిందంటే ఇరవై ఎనిమిదో రోజుకి మామూలు దాన్ని మించినా మించవచ్చు. పొడి ఎక్కువైతే అసలు లేవకపోనూవచ్చని, అడక్కపోయినా తోక తగిలించాడు. ఉద్యోగం అలాంటిది మరి.

"ఇంకో మూడు వారాలు ఆగండమ్మా," అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో అంత బతిమాలుడు బావమరిది ఎప్పుడూ వినలేదు.

"మించవచ్చు, లేవకపోవచ్చు. ఈ మాటల కింద పిల్లల్ని ఎలా కూర్చోబెట్టను మేస్త్రీ?"

స్లాబు పగలగొడితే ఆయన బతుకూ దాంతోపాటే పగులుతుందని ఆమెకీ తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె సంతకం పెట్టిన మొదటి స్లాబు ఆయన వేసిందే. కిటికీలోంచి బడి వైపు చూసి, ఇటు తిరిగింది.

"పోనీ, స్లాబులోంచే ఒక ముక్క కోసి, జింకు ఎంతుందో చూసి, నొక్కి చూద్దాం. బాగుంటే ఉంచేస్తాను."

బావమరిది మొహం వెలిగింది. మేస్త్రి మొహంలో ఉన్న కాస్త రక్తమూ దిగిపోయింది.

"వద్దమ్మా. కోయించకండి. పగలగొట్టించేయండి."

"బావా, చిన్న ముక్కే కదా. పోయేదేముంది?"

"దాని సంగతి నాకు తెలుసులేరా."

వేసినవాడే వద్దన్నాక ఇంకేం చేస్తుంది? ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టడం మర్చిపోయింది.

పదో రోజున కూలీలు స్లాబు ఎక్కారు. ఒక్క పూట పనన్నారు. మూడు రోజులు పట్టింది. సమ్మెట వేస్తే ఎగిరి మీదికే వస్తోందని, లోపల ఎవడో కూర్చుని తిరిగి కొడుతున్నాడని వాళ్లు వేళాకోళమాడారు. రెండు సమ్మెట పిడులు విరిగాయి.

"లేచింది బావా. అప్పుడే నిద్ర లేచేసింది," అన్నాడు బావమరిది ఏడవలేక.

మేస్త్రి కిందికి వంగాడు. పెచ్చులన్నీ తట్టలకెత్తి తనే మోశాడు.

ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ తాపీ ఇవ్వలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటాడు. అది వంకరగా ఉందో లేదో కూడా చూడడు. ఆయన ముప్పై ఏళ్లుగా వేసిన స్లాబుల కింద మాత్రం జనం నిశ్చింతగా నిద్రపోతున్నారు.

ఆ తెల్లపొడి పడింది, పరీక్ష కోసం ఎప్పటిలాగే సిమెంటు ఎక్కువేసి ఆయన వేరుగా కలుపుకున్న ఆ మూడు దిమ్మల కాంక్రీటులోనే. స్లాబులో చిటికెడైనా పడలేదు.