పొంగేదాకా

"నీ గంజాయి మిఠాయి నకిలీది వెర్నా! ఇంకో ముక్క ఇటు తే," అన్నాడు హార్లన్, మోకాలు నొప్పెడుతున్న కాలు కుర్చీలోంచి చాపుకుని.

వెర్నా రొట్టెపిండి పిసుకుతూనే గడియారం చూసింది. "తిని నలభై నిమిషాలేగా! పనిచెయ్యడానికి రెండు గంటలు పట్టొచ్చని, మోకాళ్ల నొప్పికని ఇది అమ్మిన కొట్లో పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈలోగా రెండోది తింటే రెండూ కలిసి ఎక్కుతాయిట."

"ఇచ్చిందే సగం ముక్క, పిల్లికి పెట్టినట్టు!"

"నలభై ఏళ్లుగా ఆత్రం పట్టలేక ఓవెన్ తలుపు తీసి నా కేకులన్నీ కుంగదీశావు. ఈ రొట్టె పొంగి కాలేదాకా మిఠాయి డబ్బా నా జేబులోనే ఉంటుంది."

గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసినందుకు హార్లన్ కొలరాడో రాష్ట్రం మొత్తాన్నీ తిట్టిపోశాడు. పిండి పొంగాక వెర్నా దాన్ని ఓవెన్‌లో పెట్టి, ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ!

హార్లన్ ఓవెన్ ముందు నేలమీద ఉన్నాడు. ముక్కు అద్దానికి ఆనించి, టీవీ చూసినట్టు రొట్టెను చూస్తున్నాడు.

"ఎంత ముద్దుగా పొంగిందో చూడవే! దీనికున్న బుద్ధి నీ మిఠాయికి లేదు. రెండు గంటలు దాటినా ఇసుమంతైనా పనిచెయ్యలేదు. తియ్యి రెండో ముక్క."

మూడేళ్లుగా చర్చిలో సైతం మోకాళ్లు వంచని మనిషి! వెర్నా నవ్వాపుకుంటూ డబ్బాను జేబులో ఇంకా లోతుకు తోసింది.

"అలాగే ఇస్తా. ముందు ఎలా కూర్చున్నావో చూసుకో."

హార్లన్ కిందికి చూశాడు. రెండు మోకాళ్లూ బుద్ధిగా మడుచుకుని నేలమీద ఉన్నాయి.

"మరి... ఇప్పుడు లేవడం ఎలాగే?"